ఊకె వచ్చిన పేరు కాదు

మణుగూరులో నేను ఏడో తరగతి చదివేటప్పుడు హాజరుపట్టీలో నా పేరు తర్వాత ఒక కోయ అమ్మాయి పేరు ఉండేది. ఆమె ఇంటిపేరు ఊకె. సారు ఆ పేరు పిలవగానే వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు “ఊకె ఎందుకొచ్చినవే?” అనేవాళ్ళు. మా వైపు మాటలో ఊకె అంటే ఉత్తగా, ఏ పనీ లేకుండా, మాటిమాటికీ అని. క్లాసంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఆమె నోటుపుస్తకాల మీద ఇంటిపేరు రాయడం మానేసి ఒక్క పొడి అక్షరం పెట్టుకోవడం మొదలుపెట్టింది.

సాహిత్యంలో డాక్టరేటు చేశాక ఆ నవ్వును వేరేగా చూస్తున్నాను. అది పిల్లల అల్లరి మాత్రమే కాదు. ఒక పేరును తప్పుగా చదవడం. ఆ తప్పు చదువు పెద్దయ్యాక కూడా మనల్ని వదల్లేదని నా అనుమానం.

తెలుగువాళ్ళం ఇంటిపేరు వినగానే అర్థం వెతుకుతాం. చివర పల్లి, పాటి, కుంట, కొండ ఉంటే అది ఏ ఊరో అడుగుతాం. మా ఇంటిపేరూ అలాంటిదే. సింగరేణి ఉద్యోగానికి మా నాన్న మణుగూరు రావడానికి చాలా ముందే మా తాతలు వదిలి వచ్చిన ఊరి పేరు అది. నేను ఆ ఊరు చూడనే లేదు. ఇదే అలవాటుతో కోయ పేర్లనూ చదువుతాం. కారం అంటే కూరలో కారం, సున్నం అంటే తమలపాకు మీది సున్నం, తాటి అంటే తాటిచెట్టు, ఊకె అంటే ఉత్తగా. భద్రాచలం నుంచి మూడుసార్లు శాసనసభకు వెళ్ళిన సున్నం రాజయ్య పేరు, ఇదే ప్రాంతం నుంచి ఎన్నికైన ఊకె అబ్బయ్య పేరు పత్రికల్లో ఎన్నిసార్లు చదివినా ఆ మాటలు మన భాషవి కావేమోనన్న ఆలోచన రాదు. గోండుల దగ్గరా ఇంతే జరిగింది. వాళ్ళు కుమ్రం అనే ఇంటిపేరును మన పుస్తకాలు కొమరం అన్నాయి, కొమురం అన్నాయి. 2016లో ఏర్పడిన జిల్లా పేరు కుమురం భీం అయింది. ఎవరు రాస్తే వాళ్ళ చెవికి తోచినట్టు రాశారు.

మరి ఆ పేర్లకు అర్థం ఎక్కడుంది? మాటలో కాదు, వరసలో ఉంది. కోయల్లో ప్రతి ఇంటిపేరూ ఒక గట్టుకు చెందుతుంది. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఇలా. ఒక గట్టు వాళ్ళంతా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ. వాళ్ళ మధ్య పెళ్ళి కూడదు. ఒక్కో గట్టుకూ తన వేల్పులుంటాయి. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ 1870లలోనే ఈ గట్ల గురించి రాశాడు. పోడు కోసం, బతుకు కోసం ఊళ్ళు మారిన జనానికి ఊరి పేరు ఇంటిపేరు కాకపోవడంలో ఆశ్చర్యం లేదు. మన పేరు వదిలేసిన నేలను మోస్తుంది, వాళ్ళ పేరు మనుషులను మోస్తుంది. 2014లో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినప్పుడు ఒకే గట్టు వాళ్ళు రెండు రాష్ట్రాల వాళ్ళయ్యారు. వరస మాత్రం రెండు కాలేదు.

ఈ వరసలన్నిటికీ గ్రంథాలయం డోలీ కళాకారుడి గొంతు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయ వీరుల కథలను, సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. గుడ్డ మీద బొమ్మలుగా గీసిన వంశకథ పడిగె అయితే, దానికి పాఠం డోలీల పాట. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో ఆయన పోయారు. పత్రికలన్నీ కంచుమేళం కళాకారుడు అని రాశాయి. తప్పు కాదు, కానీ ఆ మాట చాలదు. ఏ ఇంటిపేరు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరికి ఎవరు ఏమవుతారో చెప్పగల మనిషిని మనం వాయిద్యం పేరుతో గుర్తుపెట్టుకున్నాం. సకిని అన్న ఆ ఇంటిపేరు గురించి అడిగినవాళ్ళు ఎంతమంది?

ఇక ఆడవాళ్ళ సంగతి. ఇంటిపేరు గురించి మన సాహిత్యంలో చర్చ కొత్తది కాదు. భండారు అచ్చమాంబ, కొమర్రాజు లక్ష్మణరావు అక్కాతమ్ముళ్ళని పేర్లు చూసి ఎవరూ చెప్పలేరు. అక్క పేరు మీద అత్తవారి ముద్ర పడింది. రంగనాయకమ్మ ‘ముప్పాళ’ను వదిలేశారు. ఓల్గా అన్న కలంపేరులో ఇంటిపేరుకు చోటే లేదు. వీళ్ళను చదివి పెరిగిన నేను నా మొదటి పరిశోధన వ్యాసానికి ఇంటిపేరు తీసేసి సంతకం చేశాను. తండ్రిదీ వద్దు, భర్తదీ వద్దు అనుకున్నాను. చాలా గర్వపడ్డాను.

ఆ గర్వంలోనే, ఎన్నో ఏళ్ళకు మణుగూరు బస్టాండులో కలిసిన ఆ పాత స్నేహితురాలికి సలహా ఇచ్చాను. ఆమె కాగితాల గొడవలో ఉంది. చదువు సర్టిఫికెట్ల మీద పుట్టింటి పేరు, ఆధార్ మీద అత్తింటి పేరు. ‘ఈ ఇద్దరిలో నువ్వెవరు’ అని ఒక ఆఫీసులో అడిగారట. కుల ధ్రువపత్రం కోసం నాలుగుసార్లు తిరిగింది. “రెండూ తీసెయ్యరాదూ, నాలాగా?” అన్నాను. ఆమె కోప్పడలేదు.

“నువ్వు తీసేస్తే నీకేం కాదే. నేను తీసేస్తే మావోళ్ళకు నేను అక్కనో వదిననో ఎట్ల తెలుస్తది?”

ఆ ఒక్క మాట నా సంతకాన్ని మళ్ళీ చదివించింది. పేరు వదులుకోవడం నాకు స్వేచ్ఛ కావడానికి కారణం, నా పేరును చూసి ఎవరూ నవ్వకపోవడం. నా పేరు మీద ఏ ధ్రువపత్రమూ ఆధారపడకపోవడం. ఏజెన్సీలో ఒక ఆదివాసీ స్త్రీ పేరు మీద భూమే ఆధారపడి ఉండవచ్చు. 1970 నాటి ఒకటి బై డెబ్బై చట్టం గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించాక, గిరిజన స్త్రీని భార్యగా చూపి ఆమె పేరున భూమి రాయించుకోవడం ఇక్కడ అందరికీ తెలిసిన కిటుకు. పట్టా మీద ఆమె పేరు, పంట మీద అతని చెయ్యి. ఇంటిపేరును పితృస్వామ్యపు ముద్రగా మాత్రమే చదివే మన విమర్శకు ఈ రెండో పేజీ కనబడదు.

అలాగని కోయ ఇంటిపేరు ఆడవాళ్ళది అని చెప్పను. అదీ తండ్రి నుంచి వచ్చేదే. డోలీ పాట పాడే గొంతూ మగగొంతే. కానీ పేరును ఉంచుకోవడం కూడా ఒక ఎంపిక అని ఈ అడవి నుంచే నేర్చుకోవచ్చు. సీతక్క భర్త కుంజా రాము. ఆమె మాత్రం పుట్టింటి పేరుతో దనసరి అనసూయగానే ఎన్నికల్లో నిలబడ్డారు, గొత్తికోయల మీద చేసిన పరిశోధనకు 2022లో ఉస్మానియా నుంచి డాక్టరేటు తీసుకున్నారు, 2023లో మంత్రి అయ్యారు.

మేడారంలో రెండేళ్ళకొకసారి మాఘమాసంలో జరిగే జాతరను ఈ చూపుతో చూడండి. కన్నెపల్లి నుంచి సారలమ్మను కాక ఇంటిపేరు వాళ్ళు తెస్తారు. చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను సిద్దబోయిన, కొక్కెర, చందా వాళ్ళు తెస్తారు. పగిడిద్దరాజును పూనుగొండ్ల నుంచి పెనక వాళ్ళు అడవిదారిన తీసుకొస్తారు. అంటే భర్త తన ఇంటివాళ్ళతో నడిచి వచ్చి భార్య గద్దె దగ్గర నిలబడతాడు. ఆమె అతని ఊరికి పోదు.

నా స్నేహితురాలు ఈ మధ్య ఫోన్ చేసింది. ధ్రువపత్రం వచ్చిందట, పుట్టింటి పేరుతోనే. స్పెల్లింగు మాత్రం తప్పు పడింది, మళ్ళీ తిరగాలి. “ఊకె తిరుగుడే,” అని తనే నవ్వింది. ఈసారి నేను నవ్వలేదు.