పేరున్న కొడుకులు, పేరులేని తండ్రులు

వైట్ విడో అనే గంజాయి వంగడానికి తల్లి బ్రెజిల్‌ది, తండ్రి దక్షిణ భారతం వాడు. విత్తనాల కంపెనీల కేటలాగుల్లో ఏళ్ళ తరబడి అచ్చవుతున్న వాక్యం ఇది. హై టైమ్స్ పత్రిక ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిపిన కానబిస్ కప్పుని 1995లో గెలిచాక ఆ పేరు ప్రపంచమంతా తిరిగింది. దాన్ని పుట్టించింది ఎవరన్న గొడవ మాత్రం ఇప్పటికీ తెగలేదు. శాంతిబాబా అనే మారుపేరున్న ఆస్ట్రేలియన్ స్కాట్ బ్లేకీ, నేనే అంటాడు. అతను ఒకప్పుడు ఉన్న గ్రీన్‌హౌస్ కంపెనీ, ఆర్యన్ రోస్కామ్ నడిపేది, అదే పేరుతో విత్తనాలు అమ్ముతూనే ఉంది. బయటికొచ్చిన శాంతిబాబా తన మొక్కకి బ్లాక్ విడో అని పేరు మార్చి అమ్మాడు. వీళ్ళెవరూ కాదు, అసలు కర్త ఇంగెమార్ అనే డచ్ సాగుదారు అనేవాళ్ళు ఇంకో పక్క ఉన్నారు.

ఈ తగువులో తీర్పు చెప్పాలని నాకు లేదు. ఇలాంటి వంశకథలు డజన్ల కొద్దీ ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒక సాహిత్య ప్రక్రియలాగే కనిపిస్తాయి. మన స్థలపురాణాలకీ కైఫీయతులకీ ఉన్నట్టే వీటికీ ఒక మూస ఉంది, కొన్ని తప్పనిసరి ఘట్టాలున్నాయి, పద్ధతిగా వదిలేసే కొన్ని పాత్రలూ ఉన్నాయి. నాకు ఆసక్తి ఆ వదిలేసినవాళ్ళ మీద.

ముందు మొక్క సంగతి. గంజాయిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. పుప్పొడి గాలిలో వస్తుంది. కాబట్టి విత్తనానికి తల్లి ఎవరో తెలుస్తుంది గానీ, తండ్రి ఎవరన్నది పెంచినవాడు కాపలా కాసి ఉంటే తప్ప తెలియదు. పైగా విత్తనం నాటితే తల్లి లాంటి మొక్కే వస్తుందన్న భరోసా లేదు. మనకి మామిడితో ఇది అలవాటే. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రాదు, అంటు కట్టాలి. గంజాయిలో అంటుకి బదులు కొమ్మ ముక్క నాటుతారు. కొమ్మ నాటితే నకలు, విత్తనం నాటితే కొత్త రచన. ఒకే పేరు మీద కొమ్మలూ విత్తనాలూ రెండూ తిరిగితే కొన్నేళ్ళకి ఆ పేరు దేన్ని సూచిస్తుందో చెప్పటం కష్టం. వేమన పద్యాల తాళపత్ర ప్రతులు పోగేసినప్పుడు సి.పి. బ్రౌన్‌కి ఎదురైన చిక్కు ఇలాంటిదే. ప్రతికో పాఠం, అన్నిటికీ మకుటం ఒక్కటే.

ఇక కథల తీరు చూడండి. కెమ్‌డాగ్ అనే వంగడం పుట్టుక ఇలా చెబుతారు: 1991లో ఇండియానా రాష్ట్రంలోని డీర్ క్రీక్‌లో గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీ. పార్కింగ్ స్థలంలో ఒక కుర్రాడు ఔన్సు 500 డాలర్ల సరుకు కొన్నాడు. తర్వాత అదే సరుకు పోస్టులో తెప్పించుకుంటే అందులో 13 విత్తనాలు దొరికాయి. మొదట 4 నాటాడు. ఎన్ని అంకెలో! ఊరు, సంవత్సరం, ధర, విత్తనాల లెక్క అన్నీ ఉన్నాయి. కథకుడు సాక్షి అని మనల్ని నమ్మించేది ఈ అంకెలే. కానీ ఒక్క ప్రశ్న వేసి చూడండి: ఆ సరుకు పండించింది ఎవరు? కథ కచేరీ దగ్గరే మొదలవుతుంది, అంతకు ముందు శూన్యం. గింజల్లేకుండా పెంచిన పూతలో దొరికిన విత్తనాలు కాబట్టి, ఎక్కడినుంచో వచ్చిపడ్డ పుప్పొడి వల్లనైనా పుట్టి ఉండాలి, లేదా ఆడ మొక్కే ఒత్తిడిలో మగపూలు వేసి తనంతట తాను కాయించుకుని ఉండాలి. అంటే తల్లే తండ్రి కూడా కావచ్చు.

ఆ కెమ్‌డాగ్ నుంచే ఓజీ కుష్ వచ్చిందంటారు. ఫ్లారిడాలో పుట్టి 1990ల నడుమ లాస్ ఏంజెలెస్ చేరిందంటారు. అక్కడ ర్యాప్ పాటల్లోకి ఎక్కింది. ఆ ‘ఓజీ’ని ఒకరు ‘ఓషన్ గ్రోన్’ అని విడదీస్తారు, ఇంకొకరు ‘ఒరిజినల్ గ్యాంగ్‌స్టర్’ అంటారు. పొడి అక్షరాలకి తర్వాత అర్థం కుదర్చటం మనవాళ్ళు ఊరిపేర్లకి చేసే పనే. ముందు పేరు ఉంటుంది, వ్యుత్పత్తి తర్వాత వస్తుంది.

ప్రయోగశాల ఏమంటుందో కూడా వినాలి. 2015లో కెనడా పరిశోధకులు 81 గంజాయి నమూనాల, 43 జనుమరకం హెంప్ నమూనాల జన్యువుల్ని పోల్చారు. ఒకే పేరున్న నమూనాల్ని పోల్చి చూసిన 17 సందర్భాల్లో 6 చోట్ల, నమూనాకి తన పేరింటి వాడికంటే వేరే పేరువాడితోనే ఎక్కువ దగ్గరితనం కనిపించింది. నూటికి నూరుపాళ్ళు సటైవా అని పేరుపడ్డ జమైకా మొక్క ఒకటి, నూటికి నూరుపాళ్ళు ఇండికా అని చెప్పే ఆఫ్గన్ మొక్కతో దాదాపు కవలలా కలిసిపోయింది.

ఈ సటైవా, ఇండికా మాటలదీ ఒక కథే. 1785లో లామార్క్ ఇండికా అని పేరు పెట్టింది భారతదేశపు మొక్కకి. ఇవాళ్టి వ్యాపారంలో ఇండికా అంటే వెడల్పాటి ఆకుల, పొట్టి ఆఫ్గన్ రకం. సన్నాకులతో పొడుగ్గా పెరిగే మన దేశపు మొక్కల్ని ఆ వ్యాపారం సటైవా అంటుంది. ఇప్పుడు వైట్ విడో దగ్గరికి మళ్ళీ వెళ్దాం. చాలా కేటలాగుల్లో ఆ తండ్రిని ‘దక్షిణ భారత ఇండికా’ అని రాస్తారు. కేరళ కొండల మొక్కలు సాధారణంగా సన్నాకులవే. మరి ఆ మాట ఏ అర్థంలో వాడినట్టు? పాఠపరిష్కర్త అయితే ఇక్కడ పెన్సిల్‌తో గీత గీస్తాడు. ఒకరి కేటలాగు చూసి ఒకరు ఎత్తిరాసుకున్నారనటానికి ఇంతకంటే మంచి గుర్తు ఉండదు.

ఇంత గందరగోళం ఎందుకంటే, రాసి పెట్టుకోవటమే ప్రమాదం కాబట్టి. నా ఉద్యోగంలో కోడ్‌లోని ఏ లైను ఎవరు ఏ తేదీన మార్చారో ఒక కమాండ్ కొడితే తెలుస్తుంది. గంజాయి పెంచేవాడి దగ్గర అలాంటి పుస్తకం దొరికితే అది కోర్టులో సాక్ష్యం. అమెరికా 1970లో గంజాయిని హెరాయిన్ పక్కన మొదటి షెడ్యూల్లో పెట్టింది. మన దేశం 1985 చట్టంతో పూతనీ బంకనీ నిషేధించింది. చరిత్రని నోటిమాటగా దాచుకోవటం తప్ప దారి లేదు. తర్వాత కొన్నిచోట్ల చట్టాలు సడలి, పేరుకి డబ్బు విలువ వచ్చాక, అందరికీ జ్ఞాపకాలు ఒక్కసారిగా తిరిగొచ్చాయి.

ఆ జ్ఞాపకాల్లో ఎవరున్నారో గమనించండి. హేజ్ అనే వంగడం కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్‌లో మెక్సికో, కొలంబియా, థాయ్‌లాండ్, దక్షిణ భారత విత్తనాలు కలిసి పుట్టిందని అంటారు. ‘హేజ్ సోదరులు’ అన్న పేరుంది, దాన్ని నెదర్లాండ్స్‌కి చేర్చిన మనిషి పేరుంది. మిగతావి దేశాల పేర్లు. కేరళలో బంక ఎక్కువ పట్టే మొక్కల్ని ఏరి పెంచుతూ వచ్చిన రైతుల గురించి శాంతిబాబా కథలో ఉంది, వాళ్ళ పేర్లు లేవు. ఎంపిక చేయటమే కర్తృత్వం అనుకుంటే, తరాల తరబడి ఎంచినవాడు కర్త కాడా? మన క్యాసెట్ల మీద ‘సాహిత్యం: జానపదం’ అని వేసి, సేకరించినవాడి పేరు, పాడినవాడి పేరు పెద్దక్షరాల్లో వేసేవారు. జానపదం అన్నది మనిషి పేరు కాదు. ‘దక్షిణ భారతం’ కూడా అంతే.

పని గురించీ ఇదే మరపు. మగ మొక్కల్ని పీకేసి గింజల్లేని పూత తీయటాన్ని ‘సిన్‌సెమీయా’ అంటారు. 1970ల కాలిఫోర్నియా కథల్లో అదొక విప్లవం. అయితే ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ 1894లో ఇచ్చిన నివేదిక తెరిస్తే, బెంగాల్‌లోని నౌగావ్ పొలాల్లో రైతులు ‘పొద్దార్’ అనే నిపుణుణ్ణి కూలికి పిలిచి మగ మొక్కల్ని ఏరించేవారని ఉంటుంది. మన దగ్గర, అప్పటి బాపట్ల తాలూకా సంతరావూరు వైపు కూడా ప్రభుత్వ అనుమతితో గంజాయి సాగు ఉండేది. పన్ను వచ్చినంతకాలం సర్కారు లెక్క రాసింది. లెక్క రాసిన చోట పనివాడు కనీసం వృత్తిపేరుతోనైనా మిగిలాడు.

ఇవాళ విశాఖ మన్యంలో, ఒడిశా సరిహద్దులో పండే ఒక రకాన్ని ‘శీలావతి’ అంటారు. ఆ మాట మనం చదివేది పోలీసు ప్రకటనల్లో, కిలోల లెక్కతో. అక్కడ పేర్లు అచ్చయ్యేది సాగు చేసినవాళ్ళుగానో మోసినవాళ్ళుగానో అరెస్టయిన గిరిజనులవి. ఆమ్‌స్టర్‌డామ్‌లో పేరు పడితే బహుమతి, పాడేరులో పేరు పడితే కేసు. ఏదో ఒక రోజు ఏదో ఒక కేటలాగులో ‘శీలావతి సంకరం’ అని కనబడితే, దాని వంశవృక్షంలో తండ్రి గడిలో ఏం రాస్తారో ఇప్పుడే ఊహించవచ్చు. ఆంధ్రా, ఇండియా అని రాస్తారు. అలాంటి గడి ఎదురైనప్పుడు అక్కడ ఆగి, ఆ ఊళ్ళో విత్తనం దాచిపెట్టింది ఎవరని అడగటం ఇలాంటి కథలు చదివేవాళ్ళు చేయాల్సిన మొదటి పని.