అజవిలాపము - ఉత్సవశబ్దవిచారము

విశ్వావసు సంవత్సర మాఘమాసమున మైలవరమునందు మా యన్నగారికి అరువదియేండ్లు నిండినవి. బిడ్డలు వ్రాసి తెచ్చిన యాహ్వానపత్రికలో 'షష్ఠిపూర్తి' యని యుండగా చూచి, 'షష్టి' యన నరువది, 'షష్ఠి' యన నారవది; కావున ఒత్తు తీసివేయవలయునని చెప్పితిని. మా యన్నగారు నవ్వి, "ఒత్తు మాట యటుంచుము. పీటపై నా ప్రక్కన కూర్చుండవలసిన మనిషి లేదు గదా, దానికి నీ వ్యాకరణ మేమి చెప్పును?" అనిరి. మా వదినెగారు రెండేండ్ల క్రిందట గతించిరి. బిడ్డలు పండుగ చేయవలయునని పట్టుబట్టిరి. బంధువులలో కొందఱు తగదనిరి. ముప్పదియేండ్లుగా బాలురకు రఘువంశము చెప్పుచున్నవాడను గనుక అష్టమసర్గమందలి వసిష్ఠసందేశమును వారికి వినిపించితిని. అంతయు విని వారు "ఆ మాటలతో నజు డూరడిల్లెనా?" యని యడిగిరి. నాకు వెంటనే యుత్తరము తోచలేదు. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటయే యీ వ్యాసముయొక్క ప్రయోజనము.

పాఠశాలలలో అజవిలాపమును మనము చెప్పు పద్ధతి యందఱకును తెలిసినదే. నారదుని వీణనుండి జారిన పూమాల తగిలి ఇందుమతి మరణించుట, అజుడు విలపించుట, యజ్ఞదీక్షలో నున్న వసిష్ఠుడు తాను రాలేక శిష్యుని పంపుట, ఆ శిష్యుడు ఇందుమతి పూర్వజన్మవృత్తాంతమును శాపకారణమును దెలిపి, దేహులకు మరణమే ప్రకృతి, జీవితమే వికృతి యని బోధించుట - ఇంతటితో కథ తీరినదనిపింతుము. విలాపము పూర్వపక్షముగను, సందేశము సిద్ధాంతముగను విద్యార్థి మనస్సున నిలుచును. నేనును అట్లే చెప్పితిని. కాని కాళిదాసు చెప్పినది యిది కాదు.

సందేశానంతరశ్లోకమును చూడుడు. అజుడు 'అట్లే యగుగాక' యని గురువచనమును గ్రహించి శిష్యుని సాగనంపెను. అయితే శోకముతో నిబిడమైన యాతని హృదయమున చోటు దొరకక, ఆ వచనము గురుసన్నిధికే మరలిపోయినట్లయ్యెనని కవి యుత్ప్రేక్షించినాడు. శిష్యుడొక్కడే వెడలలేదు, సందేశము కూడ వెడలినది. ఉపదేశము అసత్యమని గాని, అజుడు మూఢుడని గాని కవి యనలేదు. నిండిన పాత్రయం దమృతమునకైనను చోటుండదని మాత్రమే తాత్పర్యము. అజుని 'అట్లే' యను మాట గురుగౌరవముచేత బలికినది గాని ఊరట చెందుటచేత బలికినది కాదు. పరామర్శకు వచ్చిన పెద్దలముందు తల యూచుట యెట్టిదో దుఃఖమెఱిగిన ప్రతి గృహస్థునకును తెలియును.

మఱి యజుని నిలిపినదేమి? తరువాతి శ్లోకమున కవి దానిని మూడు విధములుగ చెప్పినాడు. కుమారుడు బాలుడగుట మొదటిది. ప్రియురాలిని బోలిన వస్తువులను, ఆమె చిత్తరువును చూచుకొనుట రెండవది. కలలలో క్షణికములైన సమాగమోత్సవములు మూడవది. వీనిచేత నెట్లో యెనిమిదేండ్లు గడపెను. ఇచ్చట 'ఉత్సవ' శబ్దము విచారింపదగినది. సుఖమనియో, హర్షమనియో, సాంత్వనమనియో యనక కవి ఉత్సవమనుటకు కారణమేమి? ఉత్పూర్వకమగు ప్రేరణార్థక 'షూ' ధాతువునుండి యీ శబ్దము సిద్ధించుచున్నది. మీదికి ప్రేరేపించునది ఉత్సవము. కాగా ఉత్సవమునకు ప్రధానము విస్తారము గాదు, పరిజనము గాదు, కాలపరిమాణము గాదు. క్రుంగినదానిని మీది కెత్తుటయే.

ఈ మాట కాళిదాసు తెలియక వాడినది కాదు. తృతీయసర్గమున రఘుజననమును వర్ణించుచు, దిలీపుడు శుభవార్త దెచ్చినవారికి ఛత్రమును రెండు చామరములును దక్క ఈయరానిది లేదనినాడు. పిదప ఆ బాలుని చౌలము, అక్షరాభ్యాసము, ఉపనయనము, గోదానము, వివాహము - అన్నింటిని వరుసగ చెప్పినాడు. ఇందుమతీస్వయంవరమున కొక సర్గమునే వినియోగించినాడు. అష్టమసర్గము తెఱచునప్పటికి అజుని చేతనున్న పెండ్లితోరమింకను విప్పబడలేదు. ఆ పెండ్లితోరము, ఆ విలాపము, ఆ సందేశము - మూడును వియోగినీవృత్తముననే నడచినవి. మూడు తరముల శుభకార్యములను ఇంత విరివిగ వర్ణించిన కవి, యేకాకియైన రాజు కలలోని యొక్క క్షణమును గూడ ఆ పంక్తిలోనే కూర్చుండబెట్టి ఉత్సవమనినాడు. చిన్నదైనంత మాత్రమున దానికి వేఱు పేరు పెట్టలేదు.

ఇట ఆక్షేపమొకటి కలదు. అజుడు తుదకు ప్రాయోపవేశమున గంగాసరయూసంగమమున దేహము విడిచెను గదా, ఇది ధైర్యమెట్లగును? రావి జాతి మొలక మేడను చీల్చినట్లు శోకశల్య మాతని హృదయమును చీల్చినదని కవియే చెప్పెను గదా? నిజమే. ఆ శల్యమును దాచుట కవి కిష్టము లేదు. కాని యాతడు దేహత్యాగమునకు బూనుకొన్నది కుమారుడు సుశిక్షితుడై, కవచధారణక్షముడై, ప్రజారక్షణమున నియుక్తుడైన పిదప. అప్పటికి దేహము రోగగ్రస్తమై యుండెను. అవసానము మన కనుకరణీయమని నేననను. ఆ యెనిమిదేండ్లే మనము గ్రహింపవలసిన భాగము. శోకము పోవుట బలము గాదు. శోకముండగనే చేయవలసిన పని చేయుట బలము.

కుమారసంభవమున చతుర్థసర్గమందలి రతివిలాపము కూడ వియోగినీవృత్తమే. కాని యచ్చట ఆకాశవాణి పునస్సమాగమమును వాగ్దానము చేసినది. అజునకట్టి యాశ లేదు. కావున నిది కేవలకరుణము. అయినను అచ్చటను ఉత్సవసంబంధము కలదు: సప్తమసర్గమున పార్వతీపరిణయము ముగియుచుండగా దేవతలు మన్మథుని సేవను మరల నంగీకరింపుమని శివుని వేడిరి. ఒక యింటి పెండ్లి వేఱొక యింటి శోకమును దీర్చినది. భారతమునందును స్త్రీపర్వము జలప్రదానముతో ముగియగా శాంత్యనుశాసనములు వచ్చినవి. ఆశ్వమేధికమున పరీక్షిజ్జననము వచ్చినది. తిక్కన సోమయాజి యీ క్రమమును భంగపఱుపక తెనిగించెను. ధర్మబోధ యెంత దీర్ఘమైనను ఆ వంశమునకు ప్రాణము వచ్చినది శిశువు కన్ను తెఱచినప్పుడే.

తెలుగున నీ విషయమునకు మన కృష్ణాతీరముననే లక్ష్యములు కలవు. విశ్వనాథ సత్యనారాయణగారు భార్యను గోల్పోయి 'వరలక్ష్మీ త్రిశతి'ని రచించిరి. కాళిదాసు పురాణపురుషుని శోకమును వర్ణింపగా నీయన తన శోకమునే కావ్యవస్తువుగ గ్రహించెను. సొంత యింటి దుఃఖము సభలో చెప్పదగునా యని కొందఱు పండితు లడుగుదురు. శ్లోకశబ్దమునకు వ్యాకరణమున 'శ్లోకృ సంఘాతే' యని ధాతువు, సంఘాతమనగా కూర్చుట. శోకము శ్లోకమైనదను రామాయణసంప్రదాయము వ్యుత్పత్తి కాకపోయినను, చెదరినదానిని కూర్చుట యను నర్థమున రెండును కలియుచున్నవి. మూడువందల పద్యములు కూర్చుట యెనిమిదేండ్లు గడపుట వంటిదే. పటమటలో జన్మించిన బసవరాజు అప్పారావుగారు 1933లో గతింపగా, భార్య రాజ్యలక్ష్మమ్మగారు తమ దాంపత్యజీవితమును వచనమున వ్రాసిరి. రతి విలాపమును కవి పలికింపవలసి వచ్చెను. ఇచ్చట నామె తానే పలికినది.

అంతకంటె విశేషమైనది తిరుపతి వేంకటకవుల వృత్తాంతము. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1872లో పుట్టి 1920లో, అరువదియేండ్లు నిండకయే గతించిరి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు పిమ్మట ముప్పదియేండ్లకు కొంచెము తక్కువగా జీవించి, తామొక్కరే రచించినవానిని గూడ జంటపేరుతోనే ప్రకటించిరి. 1949లో మదరాసు ప్రభుత్వమువారు వారిని ఆస్థానకవిగా గౌరవించిరి. 1950లో వారు పరమపదించిరి. వ్యాకరణమున ద్వంద్వసమాసమందు రెండు పదములును ప్రధానములే. ఒకటి లోపించినచో నేకశేషమగును. ఏకశేషమున మిగిలిన పదము రెండింటి యర్థమును మోయును. 'పితరౌ' యనినప్పుడు తల్లి వినబడదు గాని యున్నది. శాస్త్రిగారు వినబడునట్లు కూడ చేసిరి.

ఇక నేటి షష్టిపూర్తి సంచికలను గూర్చి యొకమాట. అందలి పద్యములలో ఆయురారోగ్యైశ్వర్యములు, శతమానములు, గజారోహణములు పుష్కలము. ఆ యింట లేనివారి పేరు మాత్రము అమంగళమను భయమున గానరాదు. చరమశ్లోకసంపుటములందు దీనికి విపర్యయము: సంసారము నిస్సారమను వాక్యము తప్ప, పోయినవారు నవ్విన దిన మొక్కటియు నుండదు. రెండును దోషములే. మొదటిదానియందు లోపము దాచబడుటచే ఉత్సవము శుష్కమగుచున్నది. రెండవదానియందు ఉత్సవము తుడిచివేయబడుటచే శోకమునకు ఆలంబనమే లేకపోవుచున్నది. పెండ్లితోరము చూపని కవి విలాపము చేయింపజాలడు. బాలురకు పాఠము చెప్పు పండితులు వసిష్ఠసందేశముతో నాగక తరువాతి రెండు శ్లోకములను గూడ చెప్పవలయునని నా ప్రార్థన. మల్లినాథసూరి వ్యాఖ్య చేతనుండగా నది కష్టము కాదు.

మా యన్నగారికి నే నీ శ్లోకమున కర్థము చెప్పితిని. దంపతులు కూర్చుండి చేయవలసిన తంతును వారు మానిరి. అష్టవర్షప్రాయుడగు మనుమని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, వదినెగారు పండుగలకు వండించు పరమాన్నమునే వండించి బంధువులకు పెట్టిరి. తగదన్నవారును వచ్చి భుజించిరి. ఆహ్వానపత్రికలో ఒత్తు తీసి 'షష్టి' యని దిద్దితిమి. దాని క్రింద వదినెగారి పేరు కూడ వ్రాయించితిమి.