ముందు శ్రుతి, తర్వాతే పాట

పాడాలన్న కోరిక ఉండి, గురువు దొరకనివాళ్ళు మొదట చేసేది ఒకటే. ఇష్టమైన సినిమా పాట పెట్టుకుని దాంతోపాటు గొంతు కలుపుతారు. గాయకుడి గొంతు మన తప్పుల్ని కప్పేస్తుంది గనక బాగానే పాడామనిపిస్తుంది. పాట ఆపేసి అదే చరణం ఒంటరిగా పాడి చూసుకుంటే సంగతి బయటపడుతుంది. కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలకు అలాంటి తోడు గొంతు అక్కర్లేదు, శ్రుతి ఉంటే చాలు. సొంతంగా నేర్చుకునేవాళ్ళకు నేను ఈ దారే చెబుతాను. గురువు చేయాల్సిన పనిలో సగం ఆ పాఠాల అమరికలోనే ఉంది.

ఫోన్‌లో తంబురా యాప్ సరిపోతుంది. ఎవరి శ్రుతి వాళ్ళు ముందు తేల్చుకోవాలి. సాధారణంగా మగవాళ్ళకు ఒకటి నుంచి రెండు, ఆడవాళ్ళకు నాలుగున్నర నుంచి ఆరు శ్రుతి నప్పుతుంది. కింద మంద్ర పంచమం గాలిపోకుండా పలకాలి, పైన తారస్థాయి గాంధారం మెడ నరాలు ఉబ్బకుండా అందాలి. శ్రుతి ఎంత పెంచితే అంత గొప్ప అన్న భ్రమ మనకు పౌరాణిక నాటకాల పద్యాల నుంచి అంటుకుందేమోనని నా అనుమానం.

తంబురా మీద పంచమం, రెండు మధ్యస్థాయి షడ్జాలు, మంద్ర షడ్జం వరసగా మోగుతాయి. నోరు తెరవకముందు కాసేపు వాటిని వినాలి. తర్వాత షడ్జం పట్టాలి. గొంతు కాస్త అటో ఇటో ఉంటే రెండు ధ్వనుల మధ్య ఒక అదురు వినిపిస్తుంది. దగ్గరయ్యేకొద్దీ అది నెమ్మదిస్తుంది, కలిసిపోయాక ఉండదు. ఆ అదురును పసిగట్టడం చెవికి అలవాటైతే తప్పు చెప్పడానికి పక్కన మనిషి అక్కర్లేదు. చక్కగా శ్రుతి చేసిన తంబురాలో మంద్ర షడ్జం తీగ నుంచి ఎవరూ మీటని అంతర గాంధారం కూడా పలుకుతుంది. స్వయంభూ గాంధారమంటే అదే.

తొలి పాఠాల రాగమైన మాయామాళవగౌళలో ఉన్నదీ ఆ గాంధారమే. 15వ మేళకర్త అయిన ఈ రాగంలో సరళీ స్వరాలు మొదలుపెట్టించింది 16వ శతాబ్దపు పురందరదాసు అని సంప్రదాయం చెబుతుంది. షడ్జం పక్కనే శుద్ధ రిషభం, అక్కణ్ణుంచి గాంధారానికి పెద్ద గెంతు, మళ్ళీ పక్కనే మధ్యమం. ప-ద-ని-స కొలత కూడా అచ్చం ఇంతే. కింది సగం పాడి, అదే బాణీ పై సగంలో వచ్చిందో లేదో చూసుకుంటే తేడా దానంతటదే పట్టుబడుతుంది. కొత్తవాళ్ళకు ఎక్కువగా జారేది రిషభం, తెలియకుండానే చతుశ్రుతి వైపు ఎక్కిపోతుంది. హార్మోనియం ఉంటే ఆ ఒక్క మెట్టూ నొక్కి సరిచూసుకోవచ్చు. ఇది చిన్నపిల్లల రాగమని చిన్నచూపు మాత్రం వద్దు, త్యాగరాజు 'తులసీదళములచే' కట్టింది ఇందులోనే.

ఆదితాళానికి ఒక దెబ్బ, చిటికెన వేలితో మొదలై మూడు వేళ్ళ లెక్క, ఆపైన దెబ్బ, విసురు రెండేసి సార్లు, మొత్తం ఎనిమిది. రెండో కాలంలో స్వరాలు రెట్టింపవుతాయి, చెయ్యి వేగం మాత్రం మారకూడదు. ఒంటరిగా సాధన చేసేవాళ్ళు చెయ్యినే పరిగెత్తించి రెండో కాలం వచ్చేసిందనుకుంటారు. సరళీ స్వరాలు కుదిరాక అవే అకారంలో పాడాలి. స, రి అన్న హల్లుల చాటున దాక్కున్న వణుకంతా 'ఆ' అనగానే బయటికొస్తుంది. రోజూ రికార్డు చేసుకుని, వెంటనే కాకుండా మర్నాడు వినడం మేలు. అప్పటికి మన గొంతు మీద మోజు కాస్త తగ్గి ఉంటుంది. గొంతు నొప్పెడితే ఆ పూటకు ఆపేయాలి.

ఇదంతా ఎందుకు, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పద్ధతిగా శాస్త్రీయం నేర్చుకోకుండానే 'శంకరాభరణం' పాడలేదా అని అడిగేవాళ్ళుంటారు. పాడారు, జాతీయ పురస్కారమూ అందుకున్నారు. కానీ అప్పటికే ఆయన పదేళ్ళకు పైగా సంగీత దర్శకుల ఎదుట నిలబడి, వాళ్ళు దిద్దుతుంటే పాడినవారు. దాన్ని గురువు లేని చదువు అని నేననను.

జంట స్వరాలు, అలంకారాలు, మలహరిలో పిళ్ళారి గీతాలు, ఇంతవరకు సొంతంగా రావచ్చు. వర్ణం దగ్గర గమకం అడ్డుపడుతుంది. తోడిలో గాంధారం ఊగే తీరు 'గ' అన్న అక్షరంలో కనబడదు. 1904లో సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని తెలుగులో అచ్చువేసినప్పుడు గమకాలకు వేరే గుర్తులే పెట్టారు. అయినా చెవిన పడని గమకాన్ని ఆ గుర్తు చూసి పాడటం కష్టం. అక్కడ గురువు కావాల్సిందే, నెలకొకసారి వినిపించి దిద్దించుకున్నా చాలు. అమెరికాలోని తెలుగు పిల్లలెందరో ఇప్పుడు వర్ణాలు వీడియో కాల్‌లో నేర్చుకుంటున్నారు. శబ్దం ఆలస్యంగా చేరుతుంది గనక గురువుతో కలిసి పాడటం అందులో కుదరదు. ఆయన పాడి ఆపాక శిష్యుడు అందుకోవాలి, తంబురా ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలి.