కాంతియే ఆహారమైన చోట

ఓరుగల్లు నుండి వచ్చిన అన్నమదేవుని వంశమువారు పాలించిన ఈ బస్తరు సీమలో నివసించు తెలుగువారికి సముద్రమనగా విశాఖపట్టణమే. బైలడీలా కొండల ఇనుపరాతిని ఓడలకు చేరవేయుటకై 1960 దశకమున నిర్మింపబడిన కిరందుల్–కొత్తవలస రైలుమార్గము వెంబడి, అరకు కనుమల మీదుగా దిగిపోయినగాని మాకు కెరటము కనబడదు. అట్టి సీమలోని జగదల్పూరులో, ఇంటి ముందుగదిలో, రెండడుగుల గాజుతొట్టిలో ఉప్పునీటిని నిలిపి, అందు పగడపు జాతులను పెంచవలెనను కుతూహలము కొందరు యువకులయందు పొడసూపుట నాకు మిక్కిలి సంతోషమును గలిగించుచున్నది. "బాబాయిగారూ, ఏ దీపం కొనమంటారు?" అని వారడుగుదురు. "దీపం తరవాత చూద్దాం నాయనా, దాని కింద ఎవరిని బతికిస్తావో ముందు చెప్పు" అందును.

ఈ వరుస ఎందులకనిన, మనము వెలుతురు చేతనే చూడగలుగునట్లు ఈ ప్రాణులలో అనేకము వెలుతురు చేతనే బ్రదుకగలుగుచున్నవి. పాలిప్ అనబడు మెత్తని జంతువు తన దేహకణములలోనే ఏకకణ శైవలములకు నివాసమిచ్చి, తన శ్వాసవలన వెలువడు బొగ్గుపులుసు వాయువును, నత్రజని వ్యర్థములను వానికి సమర్పించి, అవి కాంతి సాయమున వండిన చక్కెరలను, కొవ్వులను ప్రతిఫలముగా గైకొనును. ఈ శైవలములకు 1881లో కార్ల్ బ్రాంట్ అను జర్మను శాస్త్రజ్ఞుడు జూజాంథెల్లా అని పేరు పెట్టెను. 1928–29లో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ మీద జరిగిన ప్రసిద్ధ పరిశోధనయాత్రకు నాయకుడైన మారిస్ యంగ్ అంతటి విద్వాంసుడు సైతము, ఈ శైవలములు పగడపు జంతువుయొక్క వ్యర్థములను తొలగించుటకే గాని దానికి ఆహారమిచ్చుటకు గావని తలంచెను. 1958లో మస్కటైన్, హ్యాండ్ అను ఇరువురు అమెరికా శాస్త్రజ్ఞులు రేడియోధార్మిక కర్బనమును ఉపయోగించి, శైవలమున తయారైన పదార్థము దానికి ఆశ్రయమిచ్చిన సముద్రపుష్పముయొక్క దేహములోనికి ప్రవేశించుచున్నదని ప్రత్యక్షముగా చూపిన పిదపనే ఆ సంశయము తొలగుట ఆరంభమయ్యెను. దీపము వెలిగించుట అనగా ఒక ప్రాణికి విస్తరి వేయుట అని నేను చెప్పుటకు ఆధారమిదియే.

అట్లని పగడపు జాతులన్నియు కాంతిభోజులు గావు. మన స్త్రీలు మంగళసూత్రములలో గ్రుచ్చుకొను, నవరత్నములలో నెన్నబడు ఎర్రని పగడము మధ్యధరాసముద్రపు చీకటి గుహలలోను, లోతైన రాతిచరియల క్రిందను పెరుగునది; దానిలో శైవలములు లేవు; నీటిలో కొట్టుకొనివచ్చు సూక్ష్మాహారమే దానికి ఆధారము. అట్టి ప్రాణిపై ఎంత వెల గల దీపము నిలిపినను దాని కడుపు నిండదు.

ఈ భేదమును తెలిసికొనుటకు బస్తరును మించిన పాఠశాల లేదని నా నమ్మకము. జగదల్పూరునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున, 1982లో ఏర్పడిన కాంగేర్ లోయ జాతీయోద్యానములో, కుటుంసర్ అను సున్నపురాతి గుహ కలదు. అందలి చిన్న మడుగులలో నివసించు చేపకు కన్నులు క్షీణించి, మేనివన్నె పాలిపోయినది. సూర్యుని ఎరుగని ఆ జీవియందు రాత్రింబవళ్ల లయ ఏమైన మిగిలియున్నదా యని రాయపూరు విశ్వవిద్యాలయమువారు ఏండ్ల తరబడి పరిశోధనలు గావించిరి. ఆ చేపకు ఆశ్రయమిచ్చియున్న రాతి కథ ఇంకను విచిత్రము. ఈ ఇంద్రావతీ పరీవాహమున పరచుకొన్న సున్నపురాయి ఒకనాటి సముద్రగర్భము. పగడపు జంతువు ఇంకను భూమిపై పుట్టని ఆ కాలమున, సుమారు నూరు కోట్ల సంవత్సరములకు పూర్వము, ఎండను ఆరగించి బ్రదికిన సూక్ష్మజీవులు పొరపొరగా పేర్చిన స్ట్రొమటొలైట్ శిలలు నేటికిని జగదల్పూరు పరిసరములందు కనబడుచున్నవి. కాంతిని ఆహారముగా గొని సున్నమును కట్టు విద్య ఈ నేలకు క్రొత్తది గాదు. తొట్టిని నిలుపుకొన్న మన పిల్లవాడు తన కాలిక్రింది రాతిలో నున్న ఆ విద్యను గాజు వెనుక మరల చూచుచున్నాడు.

ఇక దీపము సంగతి. సముద్రజలము సూర్యకాంతిలోని ఎరుపును మొదటి కొలది మీటర్లలోనే హరించివేయును. నీలము మాత్రము చాల లోతునకు దిగును. ఆ నీలపు వెలుగులో యుగయుగములుగా జీవించిన శైవలములు తమ క్లోరోఫిల్‌ను, పెరిడినిన్ అను వర్ణద్రవ్యమును దానికి తగినట్లే అమర్చుకొన్నవి. కనుక మంచినీటి మొక్కల తొట్టికి వాడు 6500 కెల్విన్‌ల తెల్లని దీపము మన కంటికి ఎంత హాయిగా నున్నను, 420 నుండి 470 నానోమీటర్ల నడుమ నుండు నీలపు కిరణములు సమృద్ధిగా గల దీపమే వీనికి పథ్యము. నీలపు ఎల్.ఇ.డి. నిర్మించుట శాస్త్రజ్ఞులకు చిరకాలము దుస్సాధ్యముగా నుండెను. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి లభించెను. ఆ బహుమానపు ఫలము నేడు మన జగదల్పూరులోని చిన్న తొట్టిమీద సైతము వెలుగుచున్నది. దానికి పూర్వము వాడిన మెటల్ హాలైడ్ దీపములు వేడిని క్రక్కి నీటిని కాచెడివి. మా వైశాఖమాసపు ఎండలలో అవి ఎంతమాత్రమును తగవు.

దీపమును వాట్లను బట్టి కొనుట మంచిది గాదు. వాట్లు మనము చెల్లింపవలసిన కరెంటుబిల్లును తెలుపునుగాని ప్రాణికి అందిన కాంతిని తెలుపవు. అందుకు కొలమానము పార్ అనబడునది; ఒక చదరపు మీటరుపై ఒక సెకనులో పడు, శైవలములకు వినియోగపడగల కాంతికణముల సంఖ్యను అది మైక్రోమోళ్లలో తెలుపును. మిట్టమధ్యాహ్నపు ఎండలో అది రమారమి 2000 ఉండును. పుట్టగొడుగు రూపమున నుండి మష్రూమ్ అను పేరుతో అమ్ముడుపోవు జాతికి 50 నుండి 100 చాలును. లెదర్, జోవాంథిడ్ మొదలైన మెత్తని జాతులకు 150 వరకు ఉండవచ్చును. కొమ్మలు కొమ్మలుగా పెరుగు అక్రోపోరా వంటి గట్టిజాతులు మాత్రమే 250కి పైబడి కోరును. రెండడుగుల తొట్టికి, నీలపు తెలుపు వెలుగులను వేరువేరుగా హెచ్చించుటకు తగ్గించుటకు వీలుగల ఒక మోస్తరు ఎల్.ఇ.డి. దీపము చాలునని నా అభిప్రాయము. పార్ మీటరు వెల అధికము గనుక దానిని నలుగురు కలిసి కొని వంతులవారీగా వాడుకొనుట ఉత్తమము.

కాంతి తక్కువైనచో ప్రాణి నెమ్మదిగా కృశించును. ఎక్కువైనచో త్వరగా నశించును. మితిమీరిన వెలుగులో శైవలము విషప్రాయమైన ఆమ్లజని రూపములను పుట్టించుటయు, ఆశ్రయమిచ్చిన పాలిప్ దానిని వెలికి నెట్టి తెల్లబోవుటయు జరుగును. ప్రపంచమందలి పగడపు దిబ్బలను నాలుగవమారు ఆవరించినదని 2024 ఏప్రిలులో శాస్త్రజ్ఞులు ప్రకటించిన తెల్లబారు ఉపద్రవమునకు ప్రధానకారణము సముద్రజలపు వేడిమియే అయినను, తీవ్రమైన ఎండ దానికి తోడగును. అందుచేత క్రొత్తగా తెచ్చిన ప్రాణిని తొట్టి అడుగున నుంచి, దీపమును మందముగా వెలిగించి, కొన్ని వారముల మీద నెమ్మదిగా హెచ్చింపవలెను. దినమునకు ఎనిమిది మొదలు పది గంటల వెలుగు చాలును. అది ఏ పూటకు ఆ పూట తప్పకుండునట్లు టైమరు పెట్టుట మంచిది.

ప్రాణుల ఎంపికలో రుచికంటె ముందు చట్టము నిలుచును, నిలువవలెను గూడ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముయొక్క మొదటి షెడ్యూలున 2001లో గట్టిజాతి పగడములన్నియు, నల్లపగడము, ఆర్గన్ పైప్, ఫైర్ కోరల్, సముద్రపు విసనకఱ్ఱలనబడు సీ ఫ్యాన్‌లు చేర్పబడినవి. అనగా వీనికి పెద్దపులితో సమానమైన రక్షణ కలదు. ఉల్లంఘించినవానికి మూడేండ్లకు తక్కువగాని కారాగారశిక్ష విధింపబడును. మన్నారు సింధుశాఖలోను, కచ్ సింధుశాఖలోను, లక్షద్వీపములలోను, అండమానులోను మిగిలియున్న దిబ్బల దీనస్థితిని ఎరిగినవారెవ్వరును ఈ నిబంధనను కఠినమనజాలరు. కావున ఎవరైన ఎండిన పగడపు రాతిని తొట్టి అడుగునకని అమ్మజూపినను వలదనవలెను. రంధ్రములు గల పింగాణీ రాళ్లు ఆ పనిని చక్కగా నెరవేర్చును. దిబ్బలనుండి పెరికి తెచ్చిన ప్రాణిని గాక, ఒక తొట్టిలో పెరిగి చీలిన ముక్కను, పెంపకందారులు ఫ్రాగ్ అనునట్టిదానిని, దాని పుట్టుకకు సంబంధించిన కాగితములతో గూడ కోరి తెచ్చుకొనవలెను.

మొదటిసారి పెంచువానికి నేను డిస్కోసోమా అను మష్రూమునే సిఫారసు చేయుదును. వెలుగు తక్కువైనను, నీటిలో నైట్రేటు కొంత మిగిలినను అది సహించును. తనకు నచ్చిన తావున అడుగు భాగమును చీల్చుకొని పిల్లల నిడును. 1999లో రష్యా శాస్త్రజ్ఞులు ఎర్రగా ప్రకాశించు ప్రోటీనును ఈ డిస్కోసోమానుండియే తీసిరి. జీవకణముల లోపలి సంచారమును చూచుటకు ప్రయోగశాలలు నేడు దాని సంతతిని వాడుచున్నవి. దాని పిదప సార్కోఫైటాన్ అను లెదర్ జాతి. అది అప్పుడప్పుడు ముడుచుకొని, పై పొరను విడిచి, మరల విచ్చుకొనును, అంతమాత్రమునకే కంగారుపడి దానిని చోటు మార్చుట తగదు. జోవాంథిడ్‌లు కంటికి పండుగ. అయితే వానిలో కొన్ని జాతులందు పాలిటాక్సిన్ అను ఘోరవిషముండును గనుక చేతితొడుగులు, కంటద్దములు లేక వానిని కోయరాదు, అవి అంటుకొనియున్న రాతిని ఎన్నడును వేడినీటిలో నుడికింపరాదు. ఆ ఆవిరియే ప్రాణాంతకము కావచ్చును.

నీటి విషయము క్లుప్తముగా. బస్తరు భూజలములందు ఇనుము మిక్కుటము గనుక ఆర్.వో. నీటిలోనే సముద్రపు ఉప్పు మిశ్రమమును కలిపి సాంద్రతను 1.025 వద్ద నిలుపవలెను. ఆవిరియైపోయినది నీరే గాని ఉప్పు కాదు. కావున లోటును మంచినీటితోనే పూరింపవలెను. ఏబది లీటర్ల తొట్టిలో ఒక లీటరు తగ్గినను లవణము నూటికి రెండు పాళ్లు హెచ్చును. వేసవిలో నీరు 27 డిగ్రీలు దాటకుండ ఫ్యానో చిల్లరో కావలెను. కరెంటు పోయినపుడు దీపము ఆరినను ప్రమాదము లేదు, నీటిని కదలించు పంపు మాత్రము బ్యాటరీమీదనైనను ఆడుచుండవలెను.

రేకులను గుప్పిళ్లవలె తెరచుచు మూయుచు నుండు జీనియా అను జాతిని చూచి ముగ్ధులుగానివారు అరుదు. దుకాణములందు మొట్టమొదట చూపునదియు అదియే. దానిని కొనువానికి నేనడ్డుపడను. కాని అది రాతినుండి రాతికి ప్రాకి తక్కినవాని నూపిరాడకుండ జేయును గనుక విడిగా ఒక రాతిమీద, చుట్టును ఇసుక విడిచి నిలుపవలెను. దాని బంధువైన యునోమియా అను జాతి తొట్టెలనుండి వెనిజులా తీరమునకు చేరి, అచ్చటి పగడపు దిబ్బలను కప్పివేసినది. ఇంద్రావతిలో అది బ్రదుకదు. అయినను రైలు విశాఖకు ప్రతిదినము పోవుచుండును, సెలవులకు మన పిల్లలును పోవుచుందురు. మితిమీరి పెరిగినదానిని సముద్రమున విడుచుట పుణ్యమని తలంచు దయాళువు ఎప్పుడైన ఉండవచ్చును. కత్తిరించిన ముక్కను మండుటెండలో పూర్తిగా ఎండబెట్టి పారవేయవలెను. ఆ తొట్టినుండి తీసిన నీటిని సైతము బ్లీచింగు పొడి కలిపిన తరువాతనే పారబోయవలెను.