పిల్లి ఎదురొచ్చిన పూట

మా అమ్మ ఊరికే కూర్చోగా నేను చూసింది చాలా తక్కువ. జనగామలో మా గడప దాటుతుండగా పిల్లి ఎదురొస్తే మాత్రం వెనక్కి తిరిగి వచ్చేది. చెంబెడు నీళ్ళు తాగి, అరుగు మీద కాసేపు కూర్చుని, అప్పుడు బయలుదేరేది. అపశకునం పుణ్యమా అని ఆమెకు దక్కిన విశ్రాంతి అదొక్కటే. అమ్మ పోయిన ఇన్నాళ్ళకు ఆ సంగతి గుర్తు చేసింది ఒక జపాన్ నవల.

నేను జనగామలో ఉంటూ మహబూబాబాదులో, అదే మా మానుకోటలో, పాఠాలు చెబుతాను. ఆ నవలను రైల్లోనే చదివాను. స్యో ఇషిదా అనే రచయిత్రి 2023లో రాసింది. 2024లో 'వియ్ విల్ ప్రిస్క్రైబ్ యు ఎ క్యాట్' పేరుతో ఇంగ్లీషులోకి వచ్చింది. క్యోటో నగరంలో, వెతికితే తప్ప దొరకని ఒక సందులో క్లినిక్కు ఉంటుంది. మనసు బాగాలేదని వెళ్తే అక్కడి డాక్టరు మాత్రలు రాయడు, పిల్లిని రాసిస్తాడు. ఇన్ని రోజులు వాడండి అంటాడు. ఆఫీసు వేధింపులతో నలిగిపోయిన యువకుడు, కూతురి మనసు పట్టుకోలేని తల్లి, తప్పిపోయిన పిల్లి కోసం ఎదురుచూసే గెయిషా, ఒక్కొక్కరూ ఒక పిల్లితో ఇంటికి వెళ్తారు. ఆ పిల్లి వాళ్ళకు బుద్ధులేమీ చెప్పదు. ఆకలేస్తే అరుస్తుంది, నిద్రొస్తే పడుకుంటుంది. ఆ మాత్రానికే మనుషుల్లో బిగుసుకున్నదేదో వదులవుతుంది. నాలోనూ వదులయింది. కాజీపేట వచ్చేసరికి కళ్ళు తుడుచుకున్నానని ఒప్పుకోవడానికి సిగ్గుపడను.

జపాన్‌లో ఇలాంటి సాంత్వనను 'ఇయాషి' అంటారు. 1995లో కోబె భూకంపం, టోక్యో మెట్రోలో విషవాయువు దాడి, వాటితో పాటు ఏళ్ళ తరబడి సాగిన ఆర్థిక మాంద్యం, వీటి తర్వాత ఆ మాట బాగా వ్యాప్తిలోకి వచ్చింది. మనుషులు పనిచేసి పనిచేసి చచ్చిపోవడాన్ని చెప్పడానికి ఆ భాషలో 'కరోషి' అని వేరే మాటే ఉంది. దాన్ని అరికట్టేందుకు 2014లో చట్టమే చేయాల్సి వచ్చింది. ఈ మెత్తని కథల వెనక ఉన్న కఠినమైన నేల అది. అంతకు ముందు, 1905లో నత్సుమె సోసెకి నవల్లో పేరులేని పిల్లి తన యజమానిని, ఆయన మేధావి మిత్రులను చూసి నవ్వింది. ఆనాటి పిల్లి వెక్కిరించింది, ఈనాటి పిల్లి ఓదారుస్తోంది. ఈ మార్పు పిల్లిది కాదు, అలసిపోయిన పాఠకులది.

వేసవి సెలవుల్లో భూపాలపల్లిలో అక్క దగ్గరికి వెళ్ళాను. బావ సింగరేణి కార్మికుడు. ఆయన షిఫ్టు మారినప్పుడల్లా అక్క నిద్ర మారుతుంది, వంట మారుతుంది. బియ్యం ఏరుతూ ఆమె ఈ కథంతా శ్రద్ధగా విన్నది.

"మంచిగనే ఉందే చెల్లె. మరి పిల్లినిచ్చిన డాక్టరు సెలవు గిట్ల రాసిచ్చిండా? దానికి పాలెవరు పొయ్యాలె, దాని పెంట ఎవరెత్తాలె?"

నేను రైల్లో వేసుకోని ప్రశ్న అది. ఎవరికీ అన్నం పెట్టి ఎరగని ఆఫీసు యువకుడికి ఒక ప్రాణిని కనిపెట్టుకుని ఉండటం కొత్త. కాబట్టి అది మందులా పనిచేస్తుంది. పుట్టిన దగ్గర్నుంచీ చేస్తున్నది అదే అయిన మనిషికి అదే మందు రాస్తే, అది ఇంకొక పని అవుతుంది. సేవ ఎవరికి చికిత్స, ఎవరికి జబ్బు అనేది ఈ నవలలు అడగవు.

హిరో అరికవ 2012లో రాసిన 'ది ట్రావెలింగ్ క్యాట్ క్రానికల్స్' చూడండి. చావు దగ్గరపడ్డ సతోరు, తన పిల్లి నానాకు ఇల్లు వెతుకుతూ ఊళ్ళు తిరుగుతాడు. పాఠకులందరూ వాళ్ళిద్దరి కోసమే ఏడుస్తారు. తల్లిదండ్రులు పోయిన ఆ పిల్లవాణ్ణి పెంచింది పిన్ని నొరికో. ఆమె న్యాయమూర్తి, బదిలీల ఉద్యోగం, పెళ్ళి లేదు. చివరికి అతనికీ, పిల్లికీ ఆసరా కూడా ఆమే. ఆమె అలసటకు మందెవరు రాశారు? అరికవ ఆమెను ప్రేమగానే చిత్రించింది, కానీ కథ బరువును మాత్రం పిల్లి భుజాన పెట్టింది.

మన భాషలో పిల్లి వైద్యురాలు కాదు. ఇల్లంతా తిరిగే ఆడదాన్ని కాలుకాలిన పిల్లి అంటాం. కాపురం ఊరూరా మారితే పిల్లి పిల్లల్ని తిప్పినట్టు తిప్పుతోందంటాం. ఆ కాలు ఎక్కడ కాలిందో మాత్రం అడగం. శకునాల పట్టికలో పిల్లి పక్కనే భర్త పోయిన స్త్రీని నిలబెట్టాం. నాన్న పోయాక, ఎవరైనా పనిమీద బయలుదేరుతుంటే అమ్మ తలుపు వెనక్కి తప్పుకునేది. ఆ రోజుల్లోనే పిల్లిని అదిలించడం మానేసింది. ఎందుకని నేను అడగలేదు.

మా ప్రాంతపు స్త్రీల గాయాలు సాహిత్యంలోకి వేరే దారిన వచ్చాయి. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో పాలకుర్తి ఐలమ్మ, ఇంకా ఎందరో సాయుధ పోరాటపు స్త్రీలు తమ మాటల్లో తమ కథ చెప్పారు. పోరాటం ముగిశాక ఇంటికి పొమ్మన్న బాధనూ దాచలేదు. క్యోటో డాక్టరు రోగి మాట పూర్తిగా వినడు, వినకుండానే నయం చేస్తాడు. ఇక్కడ వినడమే జరిగింది, నయం చేస్తామని ఎవరూ అనలేదు. గాయం ఎవరు చేశారన్న లెక్క మాత్రం మిగిలింది. ఆ లెక్క లేని సాంత్వన నాకు సగమే అనిపిస్తుంది.

అయినా ఆ సగాన్ని తోసెయ్యలేను. అక్క క్వార్టర్లో బియ్యం బస్తా మీద ఒక పిల్లి పట్టపగలు వెల్లకిలా నిద్రపోతోంది. "దీని నిద్ర చూడవే" అని అక్క నవ్వింది. పిల్లి ఎవరి సేవకూ రుణపడదు, తన విశ్రాంతికి ఎవరికీ సంజాయిషీ చెప్పదు. ఈ నవలల నుంచి మనం తెచ్చుకోవాల్సింది పిల్లిని సాకే ఓపిక కాదు, అది మనకు ఎటూ ఉంది. పిల్లిలా పడుకునే ధైర్యం కావాలి.

అక్క బియ్యం చాట పక్కన పెట్టి కాసేపు గోడకు చేరగిలబడింది. పిల్లి ఎదురు రాకుండానే.