అమ్మినవాడి అవసరం

పాత క్రయ దస్తావేజు చేతికొస్తే చాలామంది ముందు ధర చూస్తారు. నేను అమ్మినవాడి అవసరం ఏమిటో వెతుకుతాను. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి కాగితాల్లో అది తరచూ పద్దులవారీగా ఉంటుంది: ఫలానా వారి నోటు బాకీకి ఇంత, సర్కారు శిస్తుకు ఇంత, కూతురి పెళ్లికి ఇంత. అన్నీ పోను రొక్కంగా ముట్టింది ఒక్కోసారి మరీ కొద్ది.

ఆ పద్దులు జాలితో రాసినవి కావు. ఉమ్మడి ఆస్తిని ఇంటి యజమాని అమ్మాలన్నా, భర్త ఆస్తిని వితంతువు అమ్మాలన్నా తగిన అవసరం ఉండాలని కోర్టులు చూసేవి. అప్పిచ్చేవాడు ఆ అవసరాన్ని విచారించుకోవాలని 1856లోనే ప్రివీ కౌన్సిల్ చెప్పింది. రేపు వారసులు దావా వేస్తే అడ్డం పడటానికే కొనేవాళ్లు దాన్ని రాయించుకునేవారు. కాబట్టి నమ్మేముందు శిస్తు రసీదు, చెల్లువేసిన నోటు జతగా ఉన్నాయేమో చూస్తాను.

1864 చట్టంతో బ్రిటిష్ ఇండియాలో రిజిస్ట్రేషన్ వ్యవస్థ కుదురుకుంది. 1882 ఆస్తి బదిలీ చట్టం వచ్చాక, అది అమలైన చోట్ల, వంద రూపాయలూ ఆపై విలువ చేసే స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టరైన దస్తావేజు తప్పనిసరైంది. ఏ పొలం ఎవరికి తనఖాలో ఉందో పుస్తకంలో వెతికి చూసుకునే వీలు దొరికింది. దాంతో పొలాన్ని చూసి అప్పివ్వడానికి షావుకారుకు ధైర్యం వచ్చింది. అప్పు తీరకపోతే పొలం పోవడానికీ అదే దారి. గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీల్లో గిరిజనుల భూములు పైవాళ్ల పాలవుతుంటే, అనుమతి లేని బదిలీలు చెల్లవని 1917లో ప్రత్యేక చట్టమే తేవలసి వచ్చింది.

ఇంత ఏర్పాటులోనూ రిజిస్ట్రారు అడిగేది ‘ఇది రాసిచ్చింది నువ్వేనా’ అని. ‘భూమి నీదేనా’ అన్నది తేల్చే పని ఆయనది కాదు. నేటికీ మన దగ్గర అంతే. అందుకే నాలుగు హద్దులు చెప్పే చెక్కుబందీ దగ్గర ఆగుతాను. తూర్పున ఫలానా వారి మెరక అని ఉంటే ఆ మెరక దస్తావేజు కూడా సంపాదించి, దాని పడమటి హద్దులో మన అమ్మకందారు పేరుందో లేదో చూస్తాను. ఎలాంటి తగాదా లేనప్పుడు పక్కవాడు రాయించిన ఆ ఒక్క పేరు గట్టి సాక్ష్యం.

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూసి సరిపెట్టుకోవద్దని కొనేవాళ్లను కోరుతున్నాను. లింకు దస్తావేజుల నకళ్లు తీయించి ఆసాంతం చదవండి. ఏ మైనరు వాటా, ఏ వితంతువు హక్కు దాటి ఆ నేల మీదాకా వచ్చిందో తెలుసుకోవడం మీ క్షేమానికే కాదు, వాళ్లకు మనం చెల్లించాల్సిన న్యాయం కూడా.