కంబళి, పట్ట, ఒక కట్టె

వానలే సరిగా పడని సీమలో వాన నుంచి కాపాడుకునే విద్య ఎందుకని బయటివాళ్ళకు అనిపిస్తుంది. కర్నూలు, కడప జిల్లాల్లో జీవాల వెంట తిరిగేవాళ్ళకు ఆ సందేహం రాదు. కోనసీమలో చినుకు పడితే పరిగెత్తి దూరడానికి నాలుగడుగుల్లో ఏదో ఒక పాక ఉంటుంది. ఆస్పరి, దేవనకొండ వైపు మిట్టల మీద నిలబడితే కనుచూపు మేర కంపచెట్లు, పరుపుబండలు, దున్నిన చేలు తప్ప ఏమీ కనపడవు. ఏడాది మొత్తానికి పడేది ఆరేడు వందల మిల్లీమీటర్లు. అదైనా అదునుకు రాదు. వచ్చిన రోజు మాత్రం గాలి, ఉరుము, ఒక్కోసారి వడగండ్లు వెంటేసుకుని వచ్చి గంటలో కుమ్మరించి పోతుంది. ఊరు మూడు మైళ్ళ దూరం, మందలో నూరు జీవాలు, వాటిలో రెండు అప్పుడే ఈనినవి. ఆ గంటను దాటించేది భుజం మీద ఉన్నదే.

అందుకే ఇక్కడి కురబ, గొల్ల కాపరులు ఎండాకాలంలో కూడా కంబళి వదలరు. చూసేవాళ్ళకు అది అలవాటులా కనిపిస్తుంది. నా దృష్టిలో అది తరతరాలుగా సానపెట్టిన ఒక పద్ధతి. ఇప్పుడు దానికి ప్లాస్టిక్ పట్ట తోడైంది. రెండూ కలిసి చేసే పని ఏ ఒక్కటీ చేయలేదు.

ముందు కంబళి సంగతి. దక్కనీ జాతి గొర్రెల నల్లబొచ్చుతో నేసేది ఇది. రంగు వేయరు, గొర్రె రంగే దాని రంగు. బొచ్చు ముతక, ఒంటికి గుచ్చుకుంటుంది. ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, ఏకి, వడికి, గుంటమగ్గం మీద నేస్తారు. నేతకు ముందు పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. గింజలు నానబెట్టి, పొట్టు తీసి, దంచి, ఉడికించిన చిక్కటి గంజి అది. దాంతో దారం బిగుసుకుంటుంది, నేత సందులు మూసుకుంటాయి. కొత్త కంబళి విప్పితే అట్టలా నిలబడుతుంది. దాని మీద చినుకు పడితే వెంటనే ఇంకదు, గుండ్రంగా నిలిచి జారిపోతుంది.

ఉన్నికి ఇంకో గుణం ఉంది. తన బరువులో మూడోవంతు దాకా తేమ పీల్చుకున్నా ఒంటికి తడిగా తగలదు. పైగా తేమ పీల్చుకునేటప్పుడు కొద్దిగా వేడి విడుస్తుంది. మెలికలు తిరిగిన పోగుల మధ్య గాలి నిలవ ఉంటుంది కాబట్టి తడిసిన కంబళి కూడా ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది. తడిసిన నూలుదుప్పటి ఆ పని చేయదు సరికదా, ఉన్న వేడిని కూడా లాగేస్తుంది. కార్తెలు మారి తూర్పుగాలి వాన పట్టుకున్న నవంబరు రాత్రి, రాజంపేట వైపు కొండల కింద ఈ తేడా ప్రాణం మీదికి వస్తుంది.

కంబళిని కొప్పెర వేసుకోవడం పిల్లలు చూసి నేర్చుకునే పని. పొడవు వైపు ఒక కొసను మడిచి, రెండు మూలలను దగ్గరికి తెచ్చి, ముడి వేస్తే చిన్న గూడులా అవుతుంది. అది తలమీద దిగుతుంది. మిగతాది వీపు మీదుగా పిక్కల దాకా వేలాడుతుంది. గాలికి వీపు పెట్టి గొంతుక్కూర్చుంటే మనిషితో పాటు చంకలో గొర్రెపిల్ల కూడా తడవదు. కాకసస్ కొండల్లో గొర్రెలు కాసేవాళ్ళు బుర్కా అనే దట్టమైన ఉన్ని అంగీ వేసుకుంటారు. రాత్రి దాని కిందే పడుకుంటారు. ఒంటి మీది బట్టనే ఇల్లు చేసుకోవడం మంద వెంట నడిచే మనుషులందరికీ తట్టిన ఉపాయం.

కంబళికి లోటు లేకపోలేదు. గంటల తరబడి వాన పడితే నీళ్ళు తాగి మోయలేనంత బరువెక్కుతుంది, ఆరడానికి రోజులు పడుతుంది. అక్కడే పట్ట వచ్చి చేరింది. మొదట్లో ఎరువుల సంచులు విప్పి కుట్టుకున్నారు, తర్వాత పాత ఫ్లెక్సీలు, ఇప్పుడు అంగట్లో దొరికే నీలం, పసుపు పట్టలు. అల్లిన ప్లాస్టిక్ పోగులకు రెండువైపులా పల్చటి పూత వేసి చేస్తారు. దీని బరువు లెక్క తేలిక. చదరపు మీటరుకు 100 గ్రాముల పట్ట మూడు మీటర్ల చదరం తీసుకుంటే 900 గ్రాములు. అదే 250 గ్రాముల మందం అయితే రెండు కిలోలు దాటుతుంది. మందంగా ఉంటే మంచిదని కొని, బరువని ఇంట్లో పెట్టి వెళ్ళే పట్ట ఎవరికీ పనికిరాదు. నన్నడిగితే పలుచనిదే కొనాలి. రెండేళ్ళలో చిరిగినా సరే, రోజూ భుజం మీద ఉంటుంది.

కట్టడంలోనే అసలు నేర్పు. వానకు ముందర ఒక చల్లగాలి తోసుకొస్తుంది. మబ్బు కింద నుంచి దిగి నేల మీద పరుచుకునే గాలి అది. ఆ చలి ముఖానికి తగిలిందంటే చేతిలో ఉన్నది కొద్ది నిమిషాలే. గాలి వచ్చే వైపు అంచును నేలకు ఆనించాలి, ఎదుటి వైపు తెరిచి ఉంచాలి. మన నేల గట్టిది, గూటం దిగదు. కాబట్టి రాళ్ళే ఆధారం. అయితే రాయిని తెచ్చి అంచు మీద పెట్టకూడదు. గాలికి పట్ట కొట్టుకుని కొట్టుకుని రాయి మొనకు చిరుగుతుంది. తాడును రాయి నడుముకు చుట్టి, దాని మీద ఇంకో పెద్ద రాయి ఎక్కిస్తే కదలదు. మూలన రింగు ఊడిపోయి ఉంటే నున్నటి గులకరాయిని పట్టలో చుట్టి, దాని మెడకు పురికొస బిగించాలి. కొత్త రింగు కంటే అదే గట్టిగా నిలుస్తుంది. తెరిచిన వైపు కట్టెతో లేపి, కట్టె మొన గుచ్చుకోకుండా చెప్పో తలగుడ్డ మడతో అడ్డం పెట్టాలి. ఎత్తు నడుము దాటకూడదు. ఎత్తుగా కడితే సుఖంగా ఉంటుంది కానీ గాలి కిందికి దూరి మొత్తం ఎత్తుకుపోతుంది. పైన ఎక్కడా గుంట పడకుండా బిగించి, ఎగువ వైపు మట్టిలో కట్టెతో ఒక చిన్న కాలువ గీస్తే పారే నీళ్ళు పక్కకు పోతాయి. లోపల మనిషి కంబళి కప్పుకుంటాడు. వానను పట్ట ఆపుతుంది, వేడిని కంబళి నిలుపుతుంది. పట్ట ఒక్కటే ఒంటికి చుట్టుకుంటే ఊపిరి తేమా చెమటా లోపలే నీరై తడిపేస్తాయి. దాని కింద నిప్పు మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు.

ఎక్కడ కట్టాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఎండిన వంకలో ఇసుక మెత్తగా ఉంటుంది, గట్టు గాలిని అడ్డుకుంటుంది, ఆశ పుడుతుంది. అక్కడ కూర్చోకూడదు. పైన ఎక్కడో పడిన వానకు ఇక్కడ చినుకు లేకుండానే వంక వచ్చేస్తుంది. 2021 నవంబరు 19న పైన పింఛా కట్ట తెగిన నీళ్ళు తోడై చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట ఇసుకదిబ్బలయ్యాయి. మనుషులతో పాటు జీవాలూ పోయాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు నగరాన్ని ముంచాయి. ఇలా ఇళ్ళు పోయినవాళ్ళలో చాలామందికి తల దాచుకోవడానికి దొరికేది పట్టలే. ప్రపంచమంతా సహాయ సంస్థలు పంచే పట్ట 4 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు ఉంటుంది. మనిషికి కనీసం మూడున్నర చదరపు మీటర్ల నీడ ఉండాలన్నది వాళ్ళ లెక్క.

పిడుగు దగ్గర మాత్రం కంబళీ పట్టా రెండూ చేతులెత్తేస్తాయి, ఈ మాట ప్రతి కాపరికీ గట్టిగా చెప్పాలి. మిట్ట మీద ఒంటరి చెట్టు కిందికి జీవాలు చేరతాయి, మనిషీ వాటి వెంటే చేరతాడు. పిడుగు చెట్టు మీద పడితే కరెంటు నేలలో చుట్టూ పాకుతుంది. ముందు కాళ్ళకూ వెనక కాళ్ళకూ మధ్య దూరం ఎక్కువ కాబట్టి ఆ కరెంటు జీవాల ఒంటి గుండా పోతుంది. ఒక్క పిడుగుకు మంద మొత్తం కూలడానికి కారణం ఇదే. మెరుపుకూ ఉరుముకూ మధ్య లెక్కపెట్టాలి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. దగ్గరపడుతుంటే మిట్ట దిగాలి, చెట్టును, తీగ కంచెను వదలాలి, ఇనుప కమ్మి ఆసరాగా పట్ట కట్టకూడదు. దగ్గర్లో పక్కా ఇల్లు గానీ, రేకు కప్పు ఉన్న లారీ గానీ ఉంటే అందులోకి పోవాలి. ఏదీ లేకపోతే పాదాలు రెండూ దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చోవాలి, పడుకోకూడదు. చివరి ఉరుము వినపడ్డాక అరగంట ఆగాలి. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ చేసిన దామిని యాప్ చుట్టుపక్కల పిడుగులను ముందే చెబుతుంది. ఇప్పుడు కాపరుల చేతుల్లోనూ ఫోన్లు ఉన్నాయి, ఆ యాప్ వాటిలో ఉండాలి.

మే నెలలో ఇదే పట్ట నీడవుతుంది. అప్పుడు పద్ధతి తిరగబడుతుంది. ఎత్తుగా, నాలుగు వైపులా గాలి ఆడేలా కట్టాలి. పట్టకు జానెడు పైన కంబళి కూడా పరిచి కడితే మధ్యలో గాలి కదిలి వేడి కిందికి దిగదు. నంద్యాల వైపు ఎండ 44 డిగ్రీలు దాటే రోజుల్లో వడదెబ్బ తగిలిన మనిషిని పడుకోబెట్టడానికి ఆ నీడ చాలు.

అదే పట్ట కింద నెలల తరబడి బతికేవాళ్ళున్నారు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు నుంచి సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు మిరప చేలకు పోయే కుటుంబాలు పిల్లాపాపలతో చేను గట్టున పట్టలు వేసుకుంటాయి. ఒక రాత్రికి ప్రాణం నిలిపే వస్తువును మూడు నెలల ఇల్లుగా చేయడం మన సీమకు సిగ్గుచేటు. కాపరి నేర్పును మెచ్చుకునే నోటితో దాన్ని మెచ్చుకోలేను.

కంబళి తగ్గిపోతోంది. మాంసం ధర కోసం కాపరులు బొచ్చు లేని నెల్లూరు జాతికి మారారు. నల్లబొచ్చు గొర్రె తగ్గింది, వడికే చేతులు తగ్గాయి. సరిహద్దు దాటి చిత్రదుర్గం జిల్లా చళ్ళకెరెకు పోతే ఇంకా మంచి కంబళ్ళు దొరుకుతాయి. ఇక పట్టల విషయానికొస్తే, రైతులకు రాయితీ మీద ఇచ్చేవి కళ్ళంలో వేరుశనగ కుప్పల మీద కప్పే పెద్దవి. వాటిని భుజాన వేసుకుని ఎవరూ మంద వెంట పోలేరు. మూడు మీటర్ల చదరం, కిలో లోపు బరువు, మూలలకు గట్టి రింగులు, నాలుగు తాళ్ళు. ఈ కొలతల పట్టను గొర్రెల కాపరుల సంఘాల ద్వారా ఇవ్వవచ్చు. ఖర్చు కూడా ఒక పెద్ద పట్టలో కొంత భాగమే అవుతుంది. మొదటి గాలివానలు పడే ఏప్రిల్ లోపల అందాలి.